పార్టీకి ఏ గ్లాసులు కొనాలి? అత్తగారికి ఎవరు చెప్పాలి?

డాలస్ పక్కన ఒక ఊళ్లో ఉండే పాఠకురాలు చాలా వివరంగా ఒక ఉత్తరం రాశారు. పేరూ ఊరూ బయటపెట్టొద్దన్నారు కాబట్టి సారాంశం మాత్రం ఇస్తున్నాను.

మే మొదటి శనివారం ఆమె భర్త నలభయ్యో పుట్టినరోజు. ఇంటి వెనక పెరట్లో మెక్సికన్ పార్టీ చేద్దామని ఆయన ఎప్పటినుంచో ముచ్చటపడుతున్నారు. పెద్దవాళ్లు ఇరవై నలుగురు, పిల్లలు పదకొండు మంది వస్తారు. టెకీలా ఉండాల్సిందే అన్నది ఆయన పట్టు. ఆమె మందు ముట్టరు, అందుకని ఏ పానీయం ఏ గ్లాసులో పోస్తారో తెలియదు. ఆన్‌లైన్‌లో ముప్ఫై మార్గరిటా గ్లాసులు (మార్గరిటా అంటే టెకీలా, నిమ్మరసం కలిపిన పానీయం) ఎంచి పెట్టుకుని, కొనాలా వద్దా అని తటపటాయిస్తున్నారు. పిల్లలకు నిమ్మరసం పోసి ఇద్దామని శాన్ ఆంటోనియో మార్కెట్లో పువ్వులు చిత్రించిన నిగనిగలాడే మట్టి కప్పులు ఒక డజను కొన్నారు. పెద్ద అంచుల టోపీలు, అట్ట మీసాలు, ‘మెక్సికో స్వాతంత్ర్య దినోత్సవ శుభాకాంక్షలు’ అన్న బ్యానరు ఆయన తెప్పించేశారు.

అసలు చిక్కు వేరే ఉంది. తెనాలి నుంచి అత్తమామలు వచ్చి రెండు నెలలైంది. ఆగస్టు దాకా ఉంటారు. అత్తగారికి రోజూ పూజ, మడి. ఇంట్లో మందు పెట్టుకుంటారన్న సంగతే ఆవిడకు తెలియదు. ‘అమ్మకి నువ్వే మెల్లగా చెప్పు’ అని భర్త ఆ పని ఈమె మీద పెట్టేశారు. పక్కింటి దంపతులది మెక్సికోలోని గ్వాదలహారా. వాళ్లనీ పిలిచారు. ఆ బ్యానరూ మీసాలూ చూసి ఏమనుకుంటారో అని బెంగ. భర్త స్నేహితుడొకరు ఎనిమిది నెలల క్రితం తాగుడు పూర్తిగా మానేశారు, ఆయనకి ఇబ్బంది అవుతుందేమోనని ఇంకో బెంగ. పోయిన దీపావళికి ఒకాయన తాగి కారు నడుపుకుంటూ వెళ్తే, ఇల్లు చేరామని ఫోను వచ్చేదాకా ఈమెకు కంటి మీద కునుకు లేదు. ‘అసలీ పార్టీ చేయాలా అనిపిస్తోంది. కనీసం ఏ గ్లాసులు కొనాలో అయినా చెప్పండి’ అని ముగించారు.

సమాధానం:

గ్లాసుల సంగతి తప్పకుండా చెబుతాను. కానీ మీ ఉత్తరంలో గ్లాసుల గురించి నాలుగు వాక్యాలుంటే అత్తగారి గురించి రెండు పేజీలున్నాయి. ముందు ఆ ముడి విప్పుకుందాం. పార్టీ ఎక్కడ చేస్తారో, అందులో ఏం పోస్తారో తేలకుండా గ్లాసులు కొంటే డబ్బు దండగ.

పుట్టినరోజు ఆయనది, పట్టు ఆయనది, వచ్చే స్నేహితులు ఆయనవాళ్లు, తల్లి కూడా ఆయన తల్లే. ఆమెకు చెప్పే పని మాత్రం మీకెలా వచ్చింది? మీరు చెబితే ఏమవుతుందో మీకూ తెలుసు. మీరెంత మెత్తగా చెప్పినా, కొడుకు కోరిక కోడలి నోటి నుంచి వినడంతో ‘కోడలు ఇంట్లో మందు పెట్టించింది’ అన్న మాటే మిగులుతుంది. అదే ఆయన చెబితే తల్లి కోప్పడుతుంది, రెండు రోజులు మాట్లాడకపోవచ్చు, తర్వాత సర్దుకుంటుంది. తల్లీకొడుకుల మధ్య అలక త్వరగా తీరుతుంది. అత్తాకోడళ్ల మధ్య అలాంటిదే ఏళ్ల తరబడి నలుగుతుంది. అందుకని ‘మీ అమ్మగారికి మీరే చెప్పాలి, పక్కన నేను కూర్చుంటాను’ అని మీ ఆయనతో స్పష్టంగా అనండి. పక్కన కూర్చోవడం ముఖ్యం. మిమ్మల్ని దాటి ఏదో జరిగిందని ఆవిడ అనుకోకూడదు, మీరు చేయించారనీ అనుకోకూడదు. ముందురోజు రాత్రి కాకుండా, కనీసం రెండు వారాల ముందే చెప్పాలి. ఆవిడ ఒక మాట అనడానికి, ఆ మాట విని మీరు ఏదైనా మార్చుకోడానికి వ్యవధి ఉండాలి.

ఆవిడ ఒప్పుకుంటే, లేదా అయిష్టంగానైనా సరేనంటే, పెరట్లో చేసుకోవచ్చు. అప్పుడొక కట్టుబాటు పెట్టుకోండి: మందు సీసా గుమ్మం దాటి లోపలికి రాదు. వంటింట్లో, ఫ్రిజ్‌లో, పూజగది పక్కన ఎక్కడా ఉండదు. బయట ఒక కూలర్, ఒక మడత బల్ల చాలు. వాడిన గ్లాసులు కడగడం కూడా బయటే, లేదా గరాజ్‌లో. ఇంట్లో వంటపాత్రలతో అవి కలవవని అత్తగారికి ముందే చెబితే ఆవిడ మనసు సగం తేలికపడుతుంది. ఇందులో చాకిరీ ఎక్కువ, ఆ చాకిరీ ఎవరు చేస్తారో కూడా అప్పుడే తేల్చుకోండి.

కమ్యూనిటీ క్లబ్‌హౌస్ అద్దెకు తీసుకోవడం రెండో దారి. ఇల్లు ఇల్లులా ఉంటుంది, అత్తగారు కేకు కోసే వేళకి వచ్చి, భోంచేసి, వెళ్లిపోవచ్చు. అయితే చాలా చోట్ల మందు పోయడానికి విడిగా అనుమతో, డిపాజిట్టో అడుగుతారు. గాజు గ్లాసులు, ముఖ్యంగా ఈతకొలను దగ్గర, ఒప్పుకోరు. నియమాలు చదివాకే బుక్ చేయండి.

ఆ వారాంతం అత్తమామల్ని ఆడపడుచు ఇంటికి పంపేద్దామా అని కూడా రాశారు. ఇది చూడ్డానికి సులువు. కానీ కొడుకు నలభయ్యో పుట్టినరోజున తల్లిదండ్రుల్ని ఇంకో ఊరికి పంపితే కారణం వాళ్లు అడక్కపోయినా తెలుసుకుంటారు. ఫొటోలు ఎలాగూ వాట్సాప్‌లో తిరుగుతాయి. వాళ్లంతట వాళ్లే వెళ్తామంటే తప్ప ఈ దారి నాకు నచ్చలేదు.

మందే లేకుండా చేయడం ఇంకో దారి. మెక్సికన్ పార్టీకి టెకీలా తప్పనిసరేమీ కాదు, ఆ దేశంలో మందు లేని పానీయాలు ఎన్ని ఉన్నాయో కింద చెబుతాను. మీ ఆయన మొహం చిన్నబోతుంది, కొందరు స్నేహితులు త్వరగా లేస్తారు. మిగతా ముప్ఫై మందీ హాయిగా తిని వెళ్తారు. దీన్ని కూడా ఆయన ముందు పెట్టండి. ఎంచుకోవాల్సింది ఆయనే, పర్యవసానం భరించాల్సిందీ ఆయనే.

ఇక పక్కింటివాళ్ల సంగతి. బ్యానరు తీసేయించండి, అది తప్పు. మీ పార్టీకి దగ్గర్లో వచ్చే మే 5 మెక్సికో స్వాతంత్ర్య దినం కాదు. 1862లో ఆ రోజున ప్వెబ్లా నగరం దగ్గర జనరల్ ఇగ్నాసియో సరగోసా నడిపిన మెక్సికన్ సేన ఫ్రెంచి సైన్యాన్ని ఓడించింది. దాని జ్ఞాపకమే సింకో దె మాయో. స్వాతంత్ర్య దినం సెప్టెంబరు 16, 1810లో మిగెల్ ఇదాల్గో అనే ఫాదిరీ దొలోరెస్ అనే ఊళ్లో తిరుగుబాటుకు పిలుపిచ్చిన రోజు. మే 5ని మెక్సికోలో ముఖ్యంగా ప్వెబ్లావాళ్లు జరుపుకుంటారు, హడావిడంతా అమెరికాలోనే ఎక్కువ. గ్వాదలహారావాళ్లకి అది మామూలు రోజే కావచ్చు. టెక్సస్‌వాళ్లకి ఒక మంచి ముక్క: ఆ సరగోసా పుట్టింది ఇప్పటి టెక్సస్‌లోని గోలియాడ్ దగ్గరే, అది ఇంకా మెక్సికోలో ఉన్న రోజుల్లో, 1829లో. ఈ కబురు మీ ఆయనకి చెప్పండి, బ్యానరు కంటే ఇది పనికొస్తుంది.

టోపీలూ మీసాలూ వెనక్కి పంపేయండి. మన పెళ్లి వేడుకంటూ ఎవరో అట్ట తలపాగాలు, అతికించిన మీసాలు పెట్టుకుని గెంతితే పిలిచారు కదా అని మనం నవ్వి ఊరుకుంటాం, ఇంటికొచ్చాక బాధపడతాం. వాళ్లదీ అంతే అనుకోండి. అలంకరణ కావాలంటే రంగు కాగితాలు సన్నగా పూలూ పిట్టలూగా కత్తిరించి దండలుగా కట్టే పాపెల్ పికాదో కొనండి. ప్వెబ్లా రాష్ట్రం ఆ పనికి పేరుపడ్డది. మీ ఊళ్లో మెక్సికన్ దుకాణాల్లోనే దొరుకుతాయి. పక్కింటావిడని ముందే కలిసి ‘ఇలా చేస్తున్నాం, మీ ఇంట్లో పుట్టినరోజుకి ఏం చేసుకుంటారు?’ అని అడగండి. సలహా అడిగితే చాలు, పర్యవేక్షణ పని మాత్రం ఆవిడ నెత్తిన పెట్టకండి. ఆవిడ అతిథిగానే రావాలి.

ఇప్పుడు టెకీలా. ఇది మీరు చదివి మీ ఆయనకి అప్పగించాల్సిన భాగం.

టెకీలా అన్న పేరు ఎవరు పడితే వాళ్లు పెట్టుకోవడానికి వీల్లేదు. హలిస్కో రాష్ట్రం మొత్తం, గ్వానహ్వాతో, మిచోవకాన్, నయరీత్, తమౌలీపాస్ రాష్ట్రాల్లో కొన్ని ప్రాంతాలు, అక్కడ నీలి అగావె అనే ముళ్ల మొక్కతో చేసిందే టెకీలా. 1974 నుంచి ఈ రక్షణ ఉంది. ఈ మొక్క పక్వానికి రావడానికే ఆరేడేళ్లు పడుతుంది. కోసేవాళ్లు ముళ్ల ఆకులన్నీ చెక్కేసి, మధ్యలో ఉన్న పెద్ద దుంపలాంటి భాగాన్ని ఉడికించి, పిండి, పులియబెట్టి, బట్టీ పడతారు. మీ పక్కింటివాళ్ల గ్వాదలహారా ఈ హలిస్కోకి రాజధాని, టెకీలా అనే ఊరు దానికి కారులో గంట ప్రయాణం. వాళ్లకిది సొంతూరి సరుకు. అందుకనే చవక సీసా వద్దంటున్నాను.

లేబుల్ మీద ‘నూరు శాతం అగావె’ అని ఉందో లేదో చూడండి. ఆ మాట లేకపోతే 51 శాతం అగావె చక్కెర ఉన్నా చాలు, మిగతాది చెరకుదో మరొకటో కావచ్చు. గోల్డ్ అని బంగారు రంగులో అమ్మేవి చాలావరకు రంగు కలిపినవే. కాక్‌టెయిల్‌కి తెల్లగా ఉండే బ్లాంకో, లేదా రెండు నెలలకు తగ్గకుండా చెక్క పీపాల్లో ఉంచిన రెపొసాదో సరిపోతాయి. ఏడాదికి పైబడి ఉంచిన అన్యేహో ఖరీదైనది, నిమ్మరసంలో కలిపితే దాని రుచి పోతుంది. ఎవరైనా కానుకగా తెస్తే చిన్న గ్లాసులో పోసుకుని మెల్లగా చప్పరించమనండి. ఉప్పు నాకి, గుటుక్కున మింగి, నిమ్మముక్క కొరికే తతంగం దానికి అక్కర్లేదు.

ఏం కలపాలన్నదానికి మూడు దారులున్నాయి. ఒకటి మార్గరిటా. టెకీలా రెండు పాళ్లు, నారింజ లిక్కర్ (నారింజ రుచి గల తియ్యటి మందు) ఒక పాలు, అప్పుడే పిండిన నిమ్మరసం ఒక పాలు. ఎనిమిది మందికి జగ్గులో కలపాలంటే టెకీలా 360 మిల్లీలీటర్లు, నారింజ లిక్కర్ 180, నిమ్మరసం 180. మంచులో వేసి కుదిపితే కరిగే నీరు జగ్గులో కలిపినప్పుడు రాదు కాబట్టి, చన్నీళ్లు ఇంకో 150 మిల్లీలీటర్లు పోయాలి. ఐసు జగ్గులో వేయకూడదు, గ్లాసులో వేయాలి. జగ్గులో వేస్తే మొదటి గ్లాసు ఘాటు, చివరి గ్లాసు నీళ్లు.

రెండోది పలోమా. మెక్సికోలో మార్గరిటా కంటే ఇదే ఎక్కువ తాగుతారంటారు. పొడవాటి గ్లాసులో ఐసు, 45 మిల్లీలీటర్ల టెకీలా, అర నిమ్మచెక్క రసం, చిటికెడు ఉప్పు, పైన గ్రేప్‌ఫ్రూట్ సోడా. అతిథి చేతిలో అప్పటికప్పుడు తయారవుతుంది. కలిపేవాడికి చేయి తిరిగి ఉండాల్సిన పనే లేదు.

మూడోది మంచుగడ్డ మార్గరిటా యంత్రం అద్దెకు తేవడం. ఆ యంత్రం పుట్టింది మీ డాలస్‌లోనే. 1971లో మరియానో మార్టినెజ్ అనే రెస్టరెంట్ యజమాని ఐస్‌క్రీము యంత్రాన్ని మార్చి చేశాడు. అది ఇప్పుడు వాషింగ్టన్‌లో స్మిత్‌సోనియన్ మ్యూజియంలో ఉంది. యంత్రం తెస్తే సందడి బాగుంటుంది, పిల్లలు కూడా చుట్టూ మూగుతారు. నా భయం అదే. తీపీ చల్లదనమూ కలిసి మందు ఘాటును కప్పేస్తాయి, ఎంత తాగామో తెలియకుండా పోతుంది, పిల్లలకి అది ఐస్ గోలాలా కనిపిస్తుంది.

మీ దీపావళి బెంగ గుర్తుంది కనుక ఒక లెక్క చెబుతాను. అమెరికాలో ఒక ‘డ్రింకు’ అంటే 14 గ్రాముల స్వచ్ఛమైన ఆల్కహాలు, 40 శాతం సరుకులో దాదాపు 44 మిల్లీలీటర్లు. పైన చెప్పిన పలోమా ఒకటి తాగితే ఒక డ్రింకే. అదే జగ్గు మార్గరిటాలో టెకీలా 45, దానికి తోడు నారింజ లిక్కర్ 22 చిల్లర. ఆ లిక్కర్ కూడా 40 శాతానిదే అయితే గ్లాసుకి ఒకటిన్నర డ్రింకు అవుతుంది. రెండు గ్లాసులు తాగినవాడు మూడు తాగినట్టు, కానీ తనకు మాత్రం ‘రెండే తాగాను’ అనే ఉంటుంది. అందుకని నేనైతే ప్రధానంగా పలోమా పెట్టి, మార్గరిటా ఒక్క జగ్గుకి పరిమితం చేస్తాను. కలిపే చోట కొలత కప్పు తప్పనిసరి. సీసాతో ఒంపడం మొదలైతే ఏ లెక్కా నిలవదు.

గ్లాసుల ప్రశ్నకు జవాబు కూడా ఇక్కడే ఉంది. మీరు ఎంచిన వెడల్పు మూతి మార్గరిటా గ్లాసులు కొనకండి. ఫొటోలో అందంగా ఉంటాయి. నిలబడి కబుర్లు చెప్పుకునే పెరటి పార్టీలో మాత్రం పళ్లెంలో నీళ్లు పట్టుకుని నడిచినట్టు ఉంటుంది, నలుగురి బట్టల మీదా పడుతుంది. పైగా ఆ గ్లాసు చాలా పెద్దది. సరైన కొలతలో కలిపిన పానీయం పోస్తే సగానికే ఉండి వెలితిగా కనిపిస్తుంది. పోసేవాడి చేయి ఆగదు, ఇంకొంచెం ఒంపుతాడు. ఎక్కువ పోయడానికి గ్లాసే కారణమవుతుంది. దాని బదులు అడుగు మందంగా ఉండే పొట్టి రాక్స్ గ్లాసులు, పొడవాటి హైబాల్ గ్లాసులు కొనండి. పొట్టివాటిలో ఐసు నిండుగా వేసి మార్గరిటా, పొడవువాటిలో పలోమా. అత్తమామలు వెళ్లాక వాటిని ఏడాదంతా మజ్జిగకీ, నీళ్లకీ, కాఫీకీ వాడుకుంటారు.

కొంచెం ఖర్చు పెట్టగలిగితే, నోటితో ఊది చేసే మెక్సికన్ గ్లాసులున్నాయి. హలిస్కోలోనే త్లాకెపాకె, తోనలా ఊళ్లు వీటికి ప్రసిద్ధి. గాజులో చిన్న చిన్న బుడగలు చిక్కుకుని ఉంటాయి, అంచు ముదురు నీలం, ఏ రెండూ ఒకేలా ఉండవు. చేతిలోకి తీసుకుంటే బరువు తెలుస్తుంది. మందంగా ఉంటాయి కదా అని మొరటుగా వాడకూడదు. వేడినీళ్లతో కడిగి వెంటనే ఐసు వేస్తే పగులుతాయి. డిష్‌వాషర్లో వేయకుండా గోరువెచ్చటి నీళ్లతో కడగాలి. ముప్ఫై కొనలేకపోతే ఓ ఎనిమిది కొని, దగ్గరివాళ్లకి, అత్తమామలకి, పక్కింటివాళ్లకి వాటిలో ఇవ్వండి. పిల్లలకి గట్టి ప్లాస్టిక్ చాలు.

అంచుకి ఉప్పు రాయడం మీరు చేయగల పని, అరగంట ముందే చేసి పెట్టుకోవచ్చు. నిమ్మచెక్కతో గ్లాసు మూతి బయటివైపు మాత్రమే, అదీ సగం చుట్టూ తడపండి. పళ్లెంలో పలచగా పరిచిన కళ్లుప్పు మీద ఆ బయటి అంచును వాల్చి దొర్లించండి. తలకిందులుగా ఉప్పులో గుచ్చితే లోపలి వైపు కూడా అంటుకుని పానీయంలోకి రాలుతుంది. సగమే ఎందుకంటే, ఉప్పు వద్దన్నవాళ్లు రెండో వైపు నుంచి తాగుతారు.

శాన్ ఆంటోనియో మట్టి కప్పులు మాత్రం పానీయాలకు వాడకండి. ఇది సలహా కాదు, గట్టిగా చెబుతున్నాను. సంప్రదాయ మెక్సికన్ కుండల నిగనిగకి పూసే పూతలో సీసం ఉండే అవకాశం ఉంది. తక్కువ వేడిలో కాలిస్తే అది పూర్తిగా బిగుసుకోదు. నిమ్మరసం లాంటి పులుపు తగిలితే సీసం పానీయంలోకి దిగుతుంది. రుచిలో ఏ తేడా తెలియదు. పిల్లల మెదడు ఎదుగుదలకి సీసం చేసే చెరుపు తెలిసిందే. మీరు పోద్దామనుకున్నది నిమ్మరసం, పోద్దామనుకున్నది పిల్లలకి. అందుకే ఇంత గట్టిగా చెప్పడం. సీసం లేదని చీటీ అంటించిన వాటిలో కూడా సీసం బయటపడిందని అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ హెచ్చరించింది. ఇంట్లో చేసుకునే పరీక్షలో ఏమీ కనబడకపోయినా నిశ్చింతగా ఉండలేం. ఆ కప్పుల్లో పూలు పెట్టండి, చెంచాలు పెట్టండి. డబ్బేమీ వృథా కాలేదు. మట్టి పాత్రలోనే తాగాలన్న సరదా ఉంటే, పూత లేని కాంతరీతో కప్పులు వేరే ఉన్నాయి. హలిస్కోలో వాటిని నీళ్లలో నానబెట్టి, ఐసూ పళ్లరసాలూ టెకీలా పోసి ఇస్తారు. దుకాణదారు లోపలా బయటా ఏ పూతా లేదని కచ్చితంగా చెబితేనే కొనండి.

తాగనివాళ్ల దగ్గరికి వద్దాం. నాకు ఈ ఉత్తరంలో అన్నిటికంటే ముఖ్యం అనిపించింది ఇదే. మన పార్టీల్లో తాగేవాళ్లకి అద్దాల గ్లాసులు, నిమ్మముక్కలు, మర్యాదలు. తాగనివాళ్లకి మూలనున్న కూలర్లోంచి ఒక కోక్ డబ్బా, ఎర్ర ప్లాస్టిక్ కప్పు. ఆ డబ్బా చేతిలో చూసి ‘ఏం బావా, తాగట్లేదా?’ అని పదిమంది అడుగుతారు. ఎనిమిది నెలలుగా ప్రతిరోజూ తనతో తను పోరాడుతున్న మనిషికి ఆ ప్రశ్న ఒక్కొక్కటీ ఒక దెబ్బ. ఆయనకీ, మీకూ, అత్తగారికీ అదే గ్లాసు, అదే ఐసు, అదే నిమ్మముక్క అందాలి. ముందు ఆయనకి ఫోను చేసి, మందు ఉంటుందని మీ ఆయన చెప్పాలి. రాకపోయినా తామేమీ అనుకోమనీ, మర్నాడు విడిగా భోజనానికి రమ్మనీ కూడా చెప్పాలి. వస్తే, ఏం కావాలని అందరి ముందూ అడక్కుండా ఏమేం ఉన్నాయో చూపించి ఊరుకోవాలి.

ఏమేం ఉండాలంటే, మొట్టమొదట ఆగ్వా దె హమైకా. మెక్సికోలో ప్రతి వీధిలో పెద్ద గాజు జాడీల్లో కనిపించే ముదురెరుపు పానీయం. అది దేనితో చేస్తారో తెలిస్తే మీ అత్తగారు సంబరపడతారు. అది మన గోంగూర మొక్కే. పూవు రాలాక కాయ చుట్టూ ఎర్రగా కండపట్టి ఉండే పుల్లటి తొడుగులు ఎండబెట్టి అమ్ముతారు. మెక్సికన్ దుకాణంలో ‘ఫ్లోర్ దె హమైకా’ అని అడగండి. రెండు లీటర్ల నీళ్లలో రెండు గుప్పిళ్లు వేసి, దాల్చినచెక్క ముక్కతో పది నిమిషాలు మరిగించి, చల్లారాక వడగట్టి, పంచదార కలపడమే. చింతపండు పులుసుతో చేసే ఆగ్వా దె తమరిందో మరొకటి. బియ్యం, దాల్చినచెక్క రాత్రి నానబెట్టి రుబ్బి వడగట్టే ఓర్చాతా ఇంకొకటి. గోంగూర, చింతపండు, బియ్యం ఇంటినిండా ఉండే తెనాలి ఆవిడకి ఇవి నేర్పే పనే ఉండదు. ఈ మూడూ అత్తగారి చేతి మీదుగా నడవనివ్వండి, ఆవిడ ఇష్టపడితేనే. పార్టీలో ఆవిడకంటూ ఒక పాలు ఉంటుంది. ఇది మందు గురించి ఆవిడ నోరు మూయించే ఎత్తుగడగా మాత్రం చేయకండి, పసిగడతారు.

ఒక జాగ్రత్త. ఒకేలాంటి గ్లాసులు వాడినప్పుడు ఒకరిది ఇంకొకరు ఎత్తుకునే ప్రమాదం ఉంది. ఎర్రటి హమైకాలో టెకీలా కలపకూడదని నియమం పెట్టండి. ఎవరి చేతిలో ఎరుపు కనబడినా అది పిల్లలకీ, పెద్దలకీ, ఆ స్నేహితుడికీ భయం లేనిదే. ఉప్పు అంచు ఉన్న గ్లాసు మందుది. రెండు బల్లలూ పెరట్లో ఎదురెదురు మూలల్లో పెట్టి, మందు బల్ల దగ్గర ఎప్పుడూ ఒక పెద్దవాడు ఉండేలా చూడండి. ఇరవయ్యొక్కేళ్లు నిండని వాళ్లకి, కాలేజీ కుర్రాళ్లయినా సరే, అక్కడ పోయకూడదు.

కార్ల సంగతి పిలుపులోనే రాసేయండి: ‘తాగేవాళ్లు క్యాబ్‌లో రండి, లేదా నడిపేవాళ్లని వెంట తెచ్చుకోండి.’ వచ్చాక చెబితే అవమానంగా తీసుకుంటారు, ముందే అందరికీ ఒకేలా రాస్తే ఎవరూ ఏమీ అనుకోరు. వెళ్లడానికి గంటన్నర ముందే మందు బల్ల మూసేసి, అన్నం, పెరుగు, ఇంకా మిగిలిన టాకోలు పెట్టండి. కడుపు నిండితే నిషా దిగుతుందన్నది మాత్రం నిజం కాదు, ఒంట్లో చేరిన మందు కరగడానికి గంటలు పడుతుంది. అంచేత ఎవరైనా తూలుతుంటే ఆపే పని మీ ఆయనది. మీరు ఆపబోతే ‘చెల్లెమ్మా, నేను బాగానే ఉన్నా’ అంటారు. ఆయన అయితే తాళాలు లాక్కోగలరు. ఆ రాత్రి పడుకోడానికి రెండు పరుపులు సిద్ధంగా ఉంచండి.

చివరగా, అసలు పార్టీ చేయాలా అన్నారు. తల్లికి చెప్పడం, కలపడం, కొలవడం, ఆపడం ఇవి మీ ఆయన తన పనులుగా ఒప్పుకుంటే చేయండి, బాగుంటుంది. ఒప్పుకోకపోతే గ్లాసులు ఆర్డరు పెట్టకండి. కేకూ భోజనాలూ హమైకాతో పుట్టినరోజు చేసి, టెకీలా పార్టీ అత్తమామలు వెళ్లాక సెప్టెంబరు 16కి పెట్టుకోమనండి. ఆ బ్యానరు దాచి ఉంచుకుంటే ఆ రోజుకి సరిగ్గా సరిపోతుంది. పలోమా కొలతలున్న భాగం మాత్రం ఇప్పుడే ఆయన చేత చదివించండి. అది ఆయన కోసమే రాశాను.